నీలం మీద ఎరుపు: ఆరుగురు కోబ్రాల ప్రాజెక్టు డైరీ

జూన్ 9, సోమవారం

పార్సిల్ వచ్చింది. ఆఫీసు నుంచి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా విప్పాను. జిప్ కవర్లో పదకొండు బొమ్మలు. వాటిలో నిలబడగలిగేవి మూడే. మిగతావాటికి నడుములో రబ్బరు తెగిపోయి మొండెం ఒకచోట, కాళ్లు ఒకచోట ఉన్నాయి. కొందరికి బొటనవేళ్లు లేవు, ఒకడికి తలే లేదు. అమ్మినాయన ముందే ఫొటోలు పంపాడు, నాకు కావాల్సిందీ ఇలాంటి సరుకే. చెక్కుచెదరని పాత బొమ్మ మీద కుంచె పెట్టడం నాకు ఇష్టం లేదు. ఎక్కడో ఒకచోట అది అలాగే ఉండాలి.

ఇవి జి.ఐ. జో అనే సైనికుల బొమ్మలు. నాకు కావాల్సింది జో వైపు వాళ్లు కాదు, వాళ్ల శత్రువులు కోబ్రా దళం. 1964లో హాస్‌బ్రో కంపెనీ అమెరికాలో మొదటి జి.ఐ. జోని పన్నెండు అంగుళాల ఎత్తులో తెచ్చింది. 1982లో అదే పేరుతో మూడుముప్పావు అంగుళాల చిన్న సైనికులు వచ్చారు. అంటే సుమారు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, అరచేతిలో ఒదిగే సైజు. ఆ బొమ్మల కోసం కామిక్స్ తయారుచేసిన మార్వెల్ వాళ్లే, సైనికులుంటే సరిపోదు, వాళ్లతో పోరాడే శత్రువు కావాలన్నారు. కోబ్రా అలా పుట్టింది. ఆ మొదటి ఏడాది శత్రువుల వైపు దుకాణంలో దొరికిన బొమ్మలు రెండే: ఒక మామూలు సైనికుడు, ఒక ఆఫీసరు. వాళ్ల నాయకుడు కోబ్రా కమాండర్‌ని కొనడానికి లేదు, తపాలాలో తెప్పించుకోవాలి.

మన దగ్గరికి ఇవి ఫన్‌స్కూల్ ద్వారా వచ్చాయి. ఎం.ఆర్.ఎఫ్., హాస్‌బ్రో కలిసి పెట్టిన కంపెనీ అది. 90లలో విజయవాడలో పెరిగిన నాకు దసరా సెలవుల్లో మా బాబాయి కొనిపెట్టిన మొదటి బొమ్మ స్క్రాప్ ఐరన్. వాడూ కోబ్రా వాడే. అందుకేనేమో ఇప్పటికీ నాకు వాళ్ల మీదే మక్కువ.

ప్రాజెక్టు ఇదీ: ఈ పదకొండు శిథిలాల్లోంచి ఆరుగురిని నిలబెట్టాలి. ఒక కమాండర్, ఒక డెస్ట్రో (ఆయుధాలు అమ్మేవాడు), ఒక ఆఫీసరు, ముగ్గురు సైనికులు. అందరూ ఒకే దళమని చూడగానే తెలియాలి. రాత్రిపూట కాపలా కాసే దళం అనుకుంటున్నాను. అసలు కోబ్రా నీలం కన్నా చిక్కని నీలం, దాని మీద ఎర్రటి పడగ గుర్తు.

జూన్ 11, బుధవారం

అన్నీ విప్పేశాను. ఈ బొమ్మల లోపలి పని తెలిస్తే రంగు ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో సగం తెలిసిపోతుంది.

వీపు మీద ఒక చిన్న స్క్రూ ఉంటుంది. అది తీస్తే మొండెం ముందు భాగం, వెనక భాగం విడిపోతాయి. చేతులు, తల ఆ రెంటి మధ్య ఇరుక్కుని ఉంటాయి కాబట్టి అవీ ఊడొస్తాయి. రెండు కాళ్లనీ కలుపుతూ ఒక చిన్న ఇనప కొక్కెం ఉంటుంది. దానికి నల్ల రబ్బరు రింగు తగిలించి, నడుము ముక్కలోంచి పైకి లాగి, మొండెం లోపలి మేకు మీద వేస్తారు. అంతే. బొమ్మ మొత్తాన్ని కలిపి ఉంచేది ఆ రింగే. రబ్బరు నలభై ఏళ్లు ఉండదు. ముందు గట్టిపడుతుంది, తర్వాత పగుళ్లిస్తుంది, ఆఖరికి ఒకరోజు పెట్టెలో ఉండగానే తెగిపోతుంది.

నా సైనికుల్లో ఇద్దరు 1982 వాళ్లు. మోచేయి ముడుచుకుంటుంది గానీ పక్కకి తిరగదు. మిగతావాళ్లు 1983 నుంచి వచ్చినవాళ్లు, మోచేతి పైన చేయి గుండ్రంగా తిరుగుతుంది. తుపాకీని రెండు చేతులతో పట్టుకోవడం ఆ మార్పుతోనే వీలయ్యింది. తల అన్ని వైపులా కదలడం 1985లో మొదలైంది కాబట్టి నా ఆరుగురూ కుడికీ ఎడమకీ మాత్రమే చూడగలరు.

జూన్ 14, శనివారం

సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ వెళ్లాను. తెగిన రింగు ముక్కలు రెండు జేబులో వేసుకుని రబ్బరు సామాన్ల దుకాణాలు నాలుగు తిరిగాను. మూడో చోటే దొరికేలా ఉంది గానీ వంద తీసుకుంటేనే ఇస్తానన్నాడు. నాలుగో దుకాణంలో పెద్దాయన ముక్కని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"దేనికి సార్ ఇది? బండి కార్బొరేటర్‌కా?"

"బొమ్మకి అన్నా. నడుములో ఉంటది."

ఆయన నవ్వలేదు. ఒక బొమ్మ చూపించమన్నాడు. సంచిలోంచి కాళ్లు, నడుము తీసి ఇచ్చాను. కొక్కెం చూసి, లోపల నుంచి ఒక డబ్బా తెచ్చి, మూడు రకాల రింగులు తానే తగిలించి లాగి చూశాడు. "ఇది జర టైట్ అయితది. గిది వదులు. ఇది తీస్కోండి, సరిగ్గ కూసుంటది" అన్నాడు. ఒక్కోటి మూడు రూపాయలు. ఇరవై తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి పెడితే ఆయన చెప్పినట్టే కూర్చుంది. బిగువు ఎక్కువైతే నడుము ముక్క అరిగిపోతుంది, తక్కువైతే బొమ్మ వంగిపోతుంది. ఈ మధ్య సైజు కోసం ఇంతకుముందు నెలల తరబడి వెతికాను.

జూన్ 15, ఆదివారం

స్క్రాప్ ఐరన్ గురించి ఒక మాట. ఈ లాట్‌లో ఒక ఫన్‌స్కూల్ స్క్రాప్ ఐరన్ కూడా వచ్చాడు. రంగు చాలాచోట్ల పోయింది, ఒక బొటనవేలు లేదు. ఆరుగురి లెక్కలో ఏడోవాడిగా కలుపుదామని ఒక పూటంతా అనుకున్నాను. తర్వాత వద్దనుకున్నాను. ఫన్‌స్కూల్ బొమ్మల రంగులు హాస్‌బ్రో రంగులకు అచ్చు నకలు కావు. అచ్చు ఒకటే అయినా ప్లాస్టిక్ ఛాయ వేరు, రంగులు వేరు. ఆ తేడా కోసమే విదేశాల్లో సేకరించేవాళ్లు వీటిని వెతికి మరీ కొనుక్కుంటారు. మన దేశంలో, మన పిల్లల కోసం ఎవరో ఎంచుకున్న రంగులవి. వాటి మీద నా నీలం పూయను. కొత్త రింగు వేసి, సబ్బునీళ్లతో కడిగి, అలమరలో పెట్టాను.

జూన్ 21, శనివారం

బొటనవేళ్లు. ఈ బొమ్మల బలహీనత అక్కడే. పిడికిలి గట్టి ప్లాస్టిక్, తుపాకీ పిడి లావు, తోస్తే వేలు విరుగుతుంది. చిన్నప్పుడు మనందరం విరిచినవాళ్లమే.

పద్ధతి: విరిగినచోట అర మిల్లీమీటరు బిట్‌తో, చేత్తో తిప్పే డ్రిల్‌తో చిల్లు పెట్టాను. సన్నటి ఇత్తడి తీగ ముక్క దించి ఫెవిక్విక్ ఒక చుక్క వేశాను. ఆ తీగ చుట్టూ ఎం-సీల్ కలిపి వేలు దిద్దాను. ఎం-సీల్ చేతికి అంటుకోకుండా టూత్‌పిక్‌ని నీళ్లలో ముంచుకుంటూ దిద్దాలి. మరునాటికి గట్టిపడ్డాక ఉప్పు కాగితంతో, నాలుగు వందల నంబరుది, తర్వాత ఎనిమిది వందలది, మెల్లగా రుద్దాను. నాలుగు వేళ్లకు రెండు సాయంత్రాలు పట్టింది. ఒకటి కొంచెం లావుగా వచ్చింది. అది గ్లవ్‌లో ఉండే చెయ్యే కాబట్టి అలాగే ఉంచాను.

ఇంకో విషయం, కొత్తవాళ్లు జాగ్రత్త పడాలని రాస్తున్నాను. పాత రంగు తీయడానికి ఒక చేతిని నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిచాను. అందులో ఎసిటోన్ ఉంటుంది. ఈ ప్లాస్టిక్‌ని అది కరిగిస్తుంది. రెండు నిమిషాల్లో చేతి మీద ముడతలు, మడతలు అన్నీ జావలా అయిపోయాయి. తలలేనివాడి చెయ్యి కాబట్టి సరిపోయింది. పాత రంగుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి టూత్‌బ్రష్, ఓపిక చాలు.

జూన్ 28, శనివారం

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం ఈరోజుది.

ఫ్యాక్టరీలో ఈ బొమ్మలకి రంగు ఎలా వస్తుందో ఆలోచించండి. ప్రధానమైన రంగు పైన పూసింది కాదు, ప్లాస్టిక్‌దే. నీలం సైనికుడు నీలం ప్లాస్టిక్‌తోనే పోతపోసి ఉంటాడు. దాని మీద బూట్లు, బెల్టు లాంటివాటికి మాస్కు పెట్టి రంగు కొడతారు. ఛాతీ మీద గుర్తు లాంటివి మెత్తటి దిండుతో అద్దుతారు. ఒక్కో రంగుకీ ఒక్కో మెట్టు, ఒక్కో మెట్టుకీ ఖర్చు. అందుకే పాత విలన్‌లకి మూడు నాలుగు రంగులే ఉంటాయి. ఆ పొదుపులోంచే వాళ్ల అందం వచ్చింది. ఒక నీలం, ఒక నలుపు, ఒక ఎరుపు. పది అడుగుల దూరం నుంచి చూసినా వీడు కోబ్రా వాడని తెలిసిపోతుంది. 1984లో వచ్చిన జార్టాన్ అనే విలన్ అయితే ఇంకా ముందుకెళ్లాడు. అతని ప్లాస్టిక్కే ఎండ తగిలితే నీలంగా మారేది. అక్కడ పూతతో పనే లేదు.

ఈమధ్య సొంతంగా రంగులు మార్చి చేస్తున్న కస్టమ్ బొమ్మల్లో చాలావాటికి ముడత ముడతకీ నీడ, అంచు అంచుకీ వెలుగు వేస్తున్నారు. ఆ పనితనం నిజంగా గొప్పది. 2020లో మొదలైన ఆరు అంగుళాల జి.ఐ. జో 'క్లాసిఫైడ్' వరస బొమ్మల మీద అది బాగా నప్పుతుంది కూడా. కానీ తొమ్మిదిన్నర సెంటీమీటర్ల బొమ్మ మీద అన్ని ఛాయలు వేస్తే దూరం నుంచి మురికిగా కనిపిస్తుంది. పైగా మోకాలు ఒక్కసారి ముడిస్తే కీలు దగ్గర పూత రాలిపోతుంది. వంచడానికి భయపడే బొమ్మ నాకొద్దు. కాబట్టి ఒక్కో బొమ్మకి నాలుగు రంగులు దాటను. ప్రధాన రంగుని పైన పూయను, ప్లాస్టిక్‌లోకే ఎక్కిస్తాను.

ఎక్కించడమంటే అద్దకమే. పాలియెస్టర్ లాంటి సింథటిక్ బట్టలకి వాడే అద్దకం రంగు తెప్పించాను. మామూలు నూలు బట్టల రంగు ప్లాస్టిక్‌కి పట్టదు. వంటకి ఇక వాడని స్టీలు గిన్నె, థర్మామీటరు, బాల్కనీలో ఇండక్షన్ స్టవ్. నీళ్లు డెబ్బై డిగ్రీలు దాటకుండా చూసుకున్నాను. మరిగిస్తే మొండెం వంకర పోతుంది, స్క్రూ రంధ్రాలు కలవవు. రింగు, కొక్కెం, స్క్రూ తీసేసి ముక్కలన్నీ దారానికి కట్టి దించాను. పది నిమిషాలకి పెద్ద తేడా లేదు. ఇరవైకి ఒక ఛాయ దిగింది. ముప్పై అయిదు నిమిషాలకి తీసి చన్నీళ్లలో వేశాను.

అద్దకంతో ముదురు చేయవచ్చు గానీ లేత చేయలేం. అందుకే అసలు బొమ్మ మనం అనుకున్న రంగుకన్నా లేతగా ఉండాలి. కమాండర్ అసలు లేత నీలం కాబట్టి అతనికి ఎక్కువసేపు పట్టింది. అతన్ని మరీ ముదురు చేయలేదు, నాయకుడు దళంలో కాస్త వేరుగా కనపడాలి. ఒక సైనికుడి నడుము ముక్క మిగతా ఒంటికన్నా ఒక ఛాయ లేతగా వచ్చింది. ఆ ముక్క ప్లాస్టిక్ వేరే రకమేమో. మళ్లీ పదిహేను నిమిషాలు ముంచితే దగ్గరకొచ్చింది.

మోకాలు వంచి చూశాను. లోపల కూడా అదే నీలం. ఎంత సంతోషమేసిందో!

జూలై 5, శనివారం

సంతోషం వారం రోజులే. ఇవాళ గుర్తు వేయడం మొదలుపెట్టాను, అన్నీ తప్పులే.

కోబ్రా గుర్తంటే పడగ విప్పిన పాము, ఎదురుగా చూస్తున్నట్టు ఉంటుంది. సైనికుడి ఛాతీ మీద అది అయిదు మిల్లీమీటర్లు కూడా ఉండదు. సైనికుడికి ఎరుపు, ఆఫీసరుకి వెండి. నేను కొన్న ఎరుపు అక్రిలిక్ మంచిదే. కానీ ముదురు నీలం మీద ఒక పూత వేస్తే కనబడలేదు. రెండో పూతకి వంకాయ రంగు. నాలుగు పూతలయ్యేసరికి గుర్తు ఉబ్బిపోయి ముద్దలా అయ్యింది, అయినా ఎరుపు ఎరుపులా లేదు. ఇద్దరు సైనికులవి తుడిచేశాను.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. ఆయన విజయవాడలో నలభై ఏళ్లు బోర్డులు రాశారు. దుకాణాల బోర్డులు, లారీల మీద పేర్లు, స్కూలు గోడల మీద సూక్తులు. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గింది గానీ చేయి తగ్గలేదు.

"నాన్నా, నీలం మీద ఎరుపు ఎత్తట్లేదు."

"కింద ఏం వేశావురా?"

"ఏం వెయ్యలేదు."

"మరి ఎట్లా ఎత్తుద్ది? ఎరుపు పల్చటి రంగు, కింద ఏముంటే అది లాగుద్ది. ముందు తెల్ల పడాలి. తెల్ల ఆరాక దాని మీద పసుపు ఒక్క చెయ్యి. అప్పుడు ఎరుపు. ఒక్క పూతకే వెలుగుద్ది."

"అయిదు మిల్లీమీటర్లలో మూడు పొరలా నాన్నా?"

"పొర ఎంత మందం వేస్తావన్నది నీ చేతిలో ఉంది. నీళ్లపాలులాగా వెయ్యి."

గుర్తు అంచులు సన్నగా రావట్లేదని కూడా చెప్పాను. ఆయన కాసేపు ఆగి అడిగారు: "ఎరుపుతోనే అంచు తీస్తున్నావా?" అవునన్నాను. "అట్లా కాదు. అక్షరం కొంచెం లావుగానే వెయ్యి. తర్వాత వెనక రంగుతో అంచు కోసుకో. నీలంతో కొయ్యాలి. మేం 'కటింగ్' అనేది దాన్నే."

చిన్నప్పుడు నిచ్చెన కింద నిలబడి రంగు డబ్బా పట్టుకున్నవాణ్ణి. ఆయన ఆ కటింగ్ చేయడం వందసార్లు చూసుంటాను. చూశానే గానీ ఎందుకు చేస్తున్నారో ఎప్పుడూ అడగలేదు.

జూలై 12, శనివారం

నాన్న చెప్పినట్టే చేశాను.

ముందు గుర్తు వచ్చే చోట మాత్రం, బియ్యపు గింజంత మేర, కుంచెతో ప్రైమర్ వేశాను. స్ప్రే ప్రైమర్ వాడలేదు. మెత్తటి ప్లాస్టిక్ మీద కొన్ని స్ప్రేలు నెలల తరబడి జిగురుగానే ఉండిపోతాయి. రంగుకి ముందు పట్టు ఇవ్వడం మనవాళ్లకి కొత్తేం కాదు. విజయవాడ పక్కనే కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మ చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికించి, సున్నం పూత వేసి, ఆ తర్వాతే రంగు ముట్టుకుంటారు. చిన్నప్పుడు నాన్నతో వెళ్లినప్పుడు సున్నం వేసి ఆరబెట్టిన బొమ్మలు వరసగా తెల్లగా ఉండటం చూశాను. రంగులేసినవాటికన్నా అవే గుర్తుండిపోయాయి.

తెల్ల రెండు పల్చటి పొరలు. ఒక్కోదానికి మధ్య పావుగంట. పసుపు ఒకటి. ఎరుపు ఒకటి. ఒక్క పూతకే వెలిగింది!

ఆ తర్వాత కటింగ్. అద్దకపు నీలానికి సరిపోయే నీలం కలుపుకోవడానికే గంట పట్టింది. నీలంలో చిటికెడు నలుపు, చుక్క ఆకుపచ్చ. మూడు సున్నాల నంబరున్న సన్నటి కుంచెతో, ఊపిరి బిగబట్టి, పడగకి రెండు వైపులా, మెడ కింద, కళ్ల చోట నీలం పెట్టుకుంటూ వచ్చాను. ఎర్రటి చుక్క మెల్లగా పామయ్యింది. గుర్తుని గీయడం కష్టం గానీ చెక్కుకుంటూ రావడం అంత కష్టం కాదు.

1982లో తపాలాలో వచ్చిన తొలి కమాండర్లలో కొన్నిటికి ఈ గుర్తు లావుపాటి గీతలతో, పడగ రెండు చెవుల్లా కనిపించేలా పడింది. సేకరించేవాళ్లు దాన్ని 'మిక్కీ మౌస్' గుర్తు అంటారు. అవి ఇప్పుడు చాలా ఖరీదు. నా మొదటి సైనికుడి గుర్తు కూడా కొంచెం అటువైపే పోయింది. ఇంకో రెండుసార్లు నీలం పెట్టి చెవులు తగ్గించాను.

ముగ్గురికి కలిపి అయిదు గంటలు. మధ్యలో మా ఆవిడ టీ పెట్టి వెళ్లింది. అది చల్లారాక తాగాను.

జూలై 13, ఆదివారం

నాన్నకి వాట్సాప్‌లో ఫొటోలు పంపాను. రెండోవాడి కుడి అంచు వంకరుందన్నారు. నిజమే, ఉంది. దిద్దాను.

జూలై 19, శనివారం

డెస్ట్రో. 1983లో వచ్చినవాడు. ఆయుధాలు అమ్మేవాడు, ముఖానికి లోహపు ముసుగు. ఆ తలని ప్లాస్టిక్ మీద సన్నటి లోహపు పొర ఎక్కించి అద్దంలా చేశారు. నల్ల దుస్తులు, ఎర్ర కాలరు, తెరిచిన ఛాతీ, మెరిసే తల. చిన్నప్పుడు ఈ బొమ్మ మా వీధిలో ఒక్కడి దగ్గరే ఉండేది. తల మీద వేలిముద్ర పడితే వాడు చొక్కాతో తుడుచుకునేవాడు.

నాకొచ్చిన వాడి ముక్కు, గడ్డం, బుగ్గల మీద వెండి పోయి లోపలి ప్లాస్టిక్ కనబడుతోంది. మిగిలిన పొరని బట్టల బ్లీచ్‌లో నానబెట్టి తీశాను. బాల్కనీలో, చేతికి గ్లవ్స్ వేసుకుని, బ్లీచ్‌లో ఇంకేమీ కలపకుండా. ఆ రాత్రికి తల నున్నగా వచ్చేసింది.

మెరుపు రావాలంటే కింద మెరిసే నలుపుండాలి, ఆ నలుపు అద్దంలా నున్నగా ఉండాలి. చిన్న దుమ్ము పడినా పైన వెండిలో గులకరాయిలా కనబడుతుంది. నలుపు వేసి, గ్లాసు బోర్లించి రెండు రోజులు ఆరనిచ్చాను. దాని మీద క్రోమ్ ఇంకు పెన్ను నుంచి ఇంకు ఒక మూతలో వంపుకుని మెత్తటి కుంచెతో ఒకేసారి పారించాను. వేసిన చోట మళ్లీ కుంచె ఆడించకూడదు. ఆడిస్తే మెరుపు పోయి బూడిద రంగు మిగులుతుంది.

గంటకి చూస్తే గదిలో ట్యూబ్‌లైటు ఆ నుదుటి మీద పడి కనిపిస్తోంది. ఆత్రం ఆపుకోలేక మరునాడే మొండెంలో బిగించబోయాను. బొటనవేలు బుగ్గ మీద పడింది. ముద్ర అలాగే దిగిపోయింది. తుడిచి మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఈసారి మెడ కిందున్న పొడవాటి ముక్కని బట్టల క్లిప్పుతో పట్టుకుని, వారం రోజులు ముట్టుకోను.

జూలై 26, శనివారం

రంగు రాలకుండా పైన మెరుపు లేని మ్యాట్ వార్నిష్ వేయాలి. అది లేకపోతే గుర్తు చేతి చెమటకే చెరిగిపోతుంది. పొద్దున వాన వెలిసింది. మళ్లీ వచ్చేలోపు కొట్టేద్దామని బాల్కనీలో వరసగా నిలబెట్టి స్ప్రే కొట్టాను. అయిదు నిమిషాల్లో ముగ్గురు సైనికుల మీదా తెల్లటి బూజులా కమ్మేసింది. నీలం పోయింది, ఎరుపు గులాబీ అయ్యింది. అయిదు గంటల కటింగ్ ఆ పొర కింద ఉండిపోయింది.

తప్పు డబ్బాది కాదు, నాది. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు స్ప్రేలోని ద్రావకం వేగంగా ఆరుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. అక్కడ తేమ చేరి పొరలో ఇరుక్కుపోతుంది. హైదరాబాద్‌లో జూలై నెల, వాన వెలిసిన పది నిమిషాలకి స్ప్రే కొట్టకూడదు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు, అంత టెన్షన్.

ఆగస్టు 2, శనివారం

బాగయ్యారు! ముందు తలలేని మొండెం మీద ప్రయత్నించాను. కుంచెతో వేసుకునే మెరుపు (గ్లాసీ) వార్నిష్, నీటితో కలిసేది, ఒక పల్చటి పూత ఇచ్చాను. అది తెల్లటి పొర లోపలి ఖాళీల్లోకి దిగి మళ్లీ పారదర్శకంగా చేసింది. నీలం కళ్లముందే వెనక్కొచ్చింది. అప్పుడు ముగ్గురికీ అదే చేశాను. అది ఆరాక కుంచెతో వేసే మ్యాట్ వార్నిష్. ఇక ఈ వానాకాలంలో స్ప్రే ముట్టుకోను. మూడోవాడి భుజం మీద కొంచెం తెలుపు మిగిలింది. చెయ్యి దించితే కనబడదు.

డెస్ట్రో తల మీద మాత్రం ఏ వార్నిష్ వేయలేదు. వేస్తే ఆ అద్దం కాస్తా మామూలు వెండి రంగైపోతుంది. రెండోసారి వేసిన క్రోమ్ బాగా వచ్చింది. ముక్కు పక్కన ఒక చిన్న దుమ్ము కణం ఉంది, తెలిసినవాళ్లకే కనబడుతుంది. అతనికి ఎర్ర కాలరు మళ్లీ వేశాను. అక్కడా కింద తెలుపు, పసుపు.

ఆగస్టు 9, శనివారం

రాఖీ. అక్క వాళ్లు వచ్చారు. భోజనాలయ్యాక అందరూ టీవీ ముందు కూర్చుంటే నేను బొమ్మలు బిగించుకున్నాను. రాణిగంజ్ రింగులు ఆరు. కొక్కెం మీద రింగు వేసి, దారంతో పైకి లాగి, మొండెం వెనక భాగంలోని మేకుకి తగిలించి, చేతులు, తల అమర్చి, ముందు భాగం మూసి, స్క్రూ. స్క్రూని బలవంతంగా బిగించకూడదు, పాత ప్లాస్టిక్ పగులుతుంది. బిగుసుకుందని తెలియగానే పావు చుట్టు వెనక్కి తిప్పుతాను.

తుపాకీలు పెట్టేముందు ప్రతి పిడికిలినీ వేడినీళ్లలో అర నిమిషం ఉంచాను. ప్లాస్టిక్ కొంచెం మెత్తబడి వేలు విరగకుండా తెరుచుకుంటుంది. నా ఎం-సీల్ వేళ్లు నాలుగూ నిలిచాయి. ఆఫీసరుకి ఏకే-47, ఒక సైనికుడికి పొడవాటి డ్రాగునోవ్. అసలు బొమ్మలతో వచ్చిన తుపాకీలు అవే. మిగతా ఇద్దరు సైనికులకి ఇంకా దొరకలేదు, ఖాళీ చేతులతో నిలబడ్డారు.

కమాండర్ హెల్మెట్ ముందు అద్దానికి క్రోమ్ ఇంకే వేశాను. అతనూ డెస్ట్రో పక్కపక్కన నిలబడితే ఒకరి వెండి మరొకరి వెండిలో పడుతోంది.

మా అక్క కూతురికి ఎనిమిదేళ్లు. పక్కనే కూర్చుని అంతా చూసింది.

"మామయ్యా, వీళ్లు మంచివాళ్లా చెడ్డవాళ్లా?"

"చెడ్డవాళ్లే అమ్మలూ."

"మరి ఇంత కష్టపడి ఎందుకు చేశావు?"

"చెడ్డవాళ్లు లేకపోతే మంచివాళ్లకి ఆటలో పనేముంటుంది?"

అది ఒప్పుకున్నట్టే తలూపింది. "నేను ఆడుకోవచ్చా?" అని అడిగింది. మా ఆవిడ నా మొహంలోకి చూసింది. ఆడుకోమన్నాను. డెస్ట్రో తల ముట్టుకోవద్దని మాత్రం చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. ఆదివారం సాయంత్రం వరకూ బొమ్మలు దాని దగ్గరే.

ఆగస్టు 16, శనివారం

వారం తర్వాత భూతద్దం పెట్టి ఒక్కొక్కరినీ చూశాను. రెండు రోజులు సోఫా మీద, పూలకుండీల్లో, బకెట్ నీళ్లలో యుద్ధం చేసొచ్చిన దళం ఇది.

మోకాళ్లు, మోచేతులు: ఎక్కడా తెలుపు తేలలేదు, అద్దకం నిలిచింది. ఛాతీ గుర్తులు మూడూ బాగున్నాయి. ఒకరి బూటు లోపలి అంచున నలుపు పోయింది, రెండు కాళ్లూ రాసుకునే చోటు అది. అక్కడ పూత తీసేసి ఆ అంచు వరకు వదిలేస్తాను, ఫ్యాక్టరీ వాళ్లూ చాలాచోట్ల అలాగే వదిలేవాళ్లు. ఆఫీసరు వెండి గుర్తు మీద చిన్న గీత. డెస్ట్రో తల మీద ఒక్క ముద్ర కూడా లేదు. పిల్ల మాట నిలబెట్టుకుంది.

లావుగా వచ్చిన ఎం-సీల్ బొటనవేలు మాత్రం ఊడిపోయింది. తీగ బయటికి వచ్చి ఉంది. ఈసారి తీగని ఇంకో మిల్లీమీటరు లోపలికి దించాలి. నాన్న ఈ నెలాఖరున వస్తున్నారు. పాత కుంచెల పెట్టె కూడా తీసుకొస్తానన్నారు. ఆఫీసరు గుర్తు అప్పటిదాకా ముట్టుకోను.